స్వభావమా, పరిస్థితియా?

పొరుగువాని నడతలో లోపము కనిపించినపుడు అది వాని స్వభావదోషమా, పరిస్థితుల ఫలమా? చేసిన పని కంటికి కనబడును. దాని వెనుకనున్న పరిస్థితి కనబడదు. కనుకనే లోకము త్వరపడి స్వభావమునే నిందించును. జర్మనీలోని హాంబర్గున బోధించి, 1930లో అమెరికా చేరిన మనస్తత్త్వవేత్త ఫ్రిట్జ్ హైడర్ 1958 నాటి తన గ్రంథములో ఈ పొరపాటును వివరించెను.

ఆ జర్మనీయే దీనికి నిదర్శనము. 1961లో పశ్చిమ జర్మనీ ఒప్పందముపై టర్కీ కార్మికులను రప్పించి, "అతిథి కార్మికులు" అని పేరిడినది. మొదట రెండేండ్లే గడువు. నివాసము కర్మాగారపు వసతిగృహములలో. 1964లో ఆ గడువు తొలగినది, అనేకులు స్థిరపడిరి. అంతట "వీరు భాష నేర్వరు, కలిసిమెలిసి ఉండరు" అను నింద పుట్టినది. తిరిగి పోవువారే కదా యని భాష నేర్పుటను ఉపేక్షించినవారెవరు? క్రొత్తగా వచ్చు విదేశీయులకు భాషా తరగతులను హక్కుగా ఇచ్చు చట్టము 2005లో గాని అమలునకు రాలేదు.

మారిషస్ చెరకు తోటలలో ఒకనాడు పనికి రాని కూలీకి రెండునాళ్ల కూలి కోసెడివారు. పైగా వానినే సోమరి యనెడివారు. ఆ కూలీల సంతతివారున్న దీవికి నేడు బంగ్లాదేశ్ నుండి ఒప్పంద కార్మికులు వచ్చుచున్నారు. వారిని గూర్చి తీర్పు చెప్పుటకు ముందు వారి ఒప్పందపత్రమును, వసతిని చూడవలెను. తాతలకు దక్కని న్యాయమును పరులకు చేయుట మనుమల ధర్మము.