ఇంటికి వచ్చిన పరదేశులు

ధ్యాన వాక్యము: అపొస్తలుల కార్యములు 14:26–28



మిషనెరీలను సాగనంపుట మన సంఘములకు బాగా తెలుసు. కానుకలు పోగుచేస్తాము, ప్రార్థిస్తాము, స్టేషనుకు వెళ్లి కన్నీళ్లతో పంపివస్తాము. అయితే ఏండ్లు గడిచి ఆ కుటుంబము తిరిగి వచ్చినప్పుడు వారిని ఎలా చేర్చుకోవాలో మనకు తెలుసా?

బర్మా దేశమునకు సువార్త తీసుకొని వెళ్లిన అదోనీరాము జడ్సన్ గారు 1812 ఫిబ్రవరిలో అమెరికా విడిచారు. మరల స్వదేశపు నేల త్రొక్కినది 1845 అక్టోబరులో, బోస్టను రేవులో. ముప్పది మూడు సంవత్సరములు! భార్య సారా గారి ఆరోగ్యము కోసమే ఆ ప్రయాణము. కాని ఆమె సెప్టెంబరు 1న, దారిలో, సెయింట్ హెలీనా ద్వీపము నొద్ద ప్రభువునందు నిద్రించారు. ముగ్గురు చిన్నబిడ్డలను బర్మాలోనే వదలి వచ్చారు. వారిలో చార్లెస్ అను పసివానిని తండ్రి మరల చూడనేలేదు. తల్లిలేని ముగ్గురు పెద్దపిల్లలతో ఆయన ఓడ దిగారు.

దిగినది స్వదేశమే, గాని అది పరదేశమువలె తోచింది. బైబిలునంతటిని బర్మా భాషలోనికి తర్జుమా చేసిన ఆయనకు తల్లిభాషలో ప్రసంగించుట కష్టమైపోయింది. జబ్బువల్ల గొంతు పైకి రాదు. ఆయన మెల్లగా పలికిన మాటలను ప్రక్కన నిలిచినవారు బిగ్గరగా జనులకు వినిపించవలసి వచ్చింది. వెళ్లిన ప్రతిచోటా జనసమూహములు, పొగడ్తలు. అవి ఆయనకు భారమే అయ్యాయి. ఒకచోట ఆయన రక్షకుని గూర్చి మాత్రమే మాట్లాడి కూర్చుంటే, దూరదేశపు వింత కథలు వినవచ్చినవారు నిరాశపడ్డారట. యేసు కథకంటె మంచి కథ తన యొద్ద లేదన్నదే ఆయన భావము.

ప్రియులారా, ఇది మనమెరుగని బాధ కాదు. తాతల నాడే తెలుగు నేల విడిచిన మనము పెండ్లికో చావుకో స్వగ్రామము వెళ్తే, "మీ తెలుగు అదోలా ఉందే" అని నవ్వుతారు. మన పిల్లలు కన్నడమో తమిళమో ఒడియాయో కలిపి మాట్లాడి, ఆ నవ్వు విని, మరల నోరు మెదపరు. ఇక్కడా "మీది ఏ ఊరు?" అక్కడా "మీది ఏ ఊరు?" కాబట్టి తిరిగివచ్చిన సేవకుల బాధను అందరికంటె ముందు మనమే గ్రహించవలెను. కాని మేము సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము: అటువంటి కుటుంబము వచ్చిన వారమే రిపోర్టు అడిగినవారము, ఆదివారము వెంబడి ఆదివారము ప్రసంగమునకు నిలువబెట్టినవారము, వారి పిల్లలు వెనుక బల్లమీద ఒంటరిగా కూర్చుండుట చూడనివారము మేమే.

వాక్యము ఏమి చెప్పుచున్నది? పౌలు బర్నబాలు తమను పంపిన అంతియొకయకు తిరిగి వచ్చారు. సంఘము కూడుకొని, దేవుడు వారి ద్వారా చేసిన కార్యములను విన్నది. తరువాత వారు శిష్యుల యొద్ద చాలాకాలము ఉండిపోయారు. వినుట ఒక దినము, కలిసి ఉండుట బహు దినములు. తిరిగివచ్చిన తన శిష్యులను ప్రభువు కూడ మొదట ఏకాంతముగా విశ్రమించుమన్నాడు (మార్కు 6:30–31).

మన తెలుగు మిషనుకు పునాది వేసిన శామ్యూల్ డే దొరగారు ఆరోగ్యము చెడి 1846 నాటికి నెల్లూరు విడిచి స్వదేశమునకు వెళ్లారు. 1849లో జ్యూయెట్ దొరగారితో మరల వచ్చారు. జడ్సన్ గారు కూడ 1846 జూలైలో బర్మాకు తిరిగి ఓడ ఎక్కారు. ఇంటివద్ద సేదదీరినవారే మరల పొలమునకు వెళ్లగలరు.

కావున సేవకుల కుటుంబము ఇంటికి వచ్చినప్పుడు మొదట ప్రసంగము అడుగవద్దు, భోజనమునకు పిలువండి. అద్దె ఇల్లు చూచుటలో, పిల్లలను బడిలో చేర్చుటలో తోడుండండి. మీ పిల్లలను సండేస్కూలులో వారి ప్రక్కన కూర్చోబెట్టండి. వారి మాట తీరును చూచి నవ్వవద్దు. వారు మౌనముగా ఉంటే ఉండనివ్వండి. చెప్పదలచినప్పుడు ఓపికగా వినండి.

మనమందరము ఈ లోకములో యాత్రికులమే. మనకొరకు దేవుడు సిద్ధపరచిన పట్టణము వేరొకటి ఉన్నదని హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము బోధించుచున్నది. అక్కడ ఎవరినీ "మీది ఏ ఊరు?" అని అడుగరు. అంతవరకు మన సంఘములు అలసిన యాత్రికులకు ఇల్లుగా ఉండునట్లు ప్రభువు కృప దయచేయును గాక. ఆమెన్.