సేవ ఎవరికి? ఇష్టం ఎవరిది?



మంచం పట్టిన తల్లిదండ్రులకు జీతమిచ్చి మనిషిని పెట్టడం నేడు ఎన్నో కుటుంబాలలో చూస్తున్నాం. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటారు. ఏజెన్సీవారు పగటికో, రోజంతటికో ఆయాను పంపుతారు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అరవై ఏళ్లు పైబడినవారు సుమారు 10 కోట్ల 38 లక్షలమంది. కనుక ఇది ఏ ఒక్క ఇంటి సమస్యో కాదు.

మనిషిని కుదుర్చుకొనేటప్పుడు జీతమెంత, అనుభవమెంత అని అడుగుతాం. అడగవలసిందే. కదలలేనివారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే ఒంటిమీద పుండ్లు పడతాయి. మందులు వేళ తప్పరాదు. ఇవి తెలియని మనిషి ఎంత మంచిదైనా సేవకు చాలదు. అయితే, అమ్మను ఏమడిగాం? స్నానం పొద్దునా, సాయంత్రమా? ఎవరు చేయిస్తే ఆమెకు సిగ్గనిపించదు? జపమాల చెప్పుకొనే వేళ టీవీ పెట్టవచ్చా? డబ్బు పంపేది కొడుకు గనుక నిర్ణయమూ కొడుకుదే అవుతున్నది. శరీరం మాత్రం అమ్మది!

తల్లిదండ్రుల పోషణకై 2007లో వచ్చిన చట్టం తిండి, బట్ట, నివాసం, వైద్యం పోషణలో చేర్చింది. వారు సాధారణ జీవితం గడపగలిగేలా చూడడం పిల్లల బాధ్యత అన్నది. తనకు కావలసిన వేళ కాఫీ అడిగి తాగడం సాధారణ జీవితంలో భాగం కాదా?

"షుగరున్న నాన్న లడ్డు అడిగితే ఇవ్వమంటారా? మతి తప్పిన అమ్మ మాట వినమంటారా?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ప్రాణానికి ముప్పు తెచ్చే ప్రతి కోరికా తీర్చమని ఎవరూ అనరు. కాని ఆ లడ్డును సాకు చేసుకొని, కట్టే చీర మొదలు తెరిచే కిటికీ వరకు అన్నీ మనమే నిర్ణయించడం న్యాయం కాదు. కాదనవలసి వస్తే కారణం చెప్పాలి. మతి తప్పినవారు సైతం ముఖం తిప్పుకొనో, చేయి విదిలించో తమ అయిష్టాన్ని తెలుపుతూనే ఉంటారు. చూసే కళ్లు కావాలి.

సేవ చేసే ఆమెకూ ఒక పేరుంది, ఒక ఇల్లుంది. వేళకు అన్నం, వారానికొక సెలవు లేని చేతులకు ఓపిక ఎక్కడినుండి వస్తుంది? ఆమెను గౌరవించని ఇంట్లో అమ్మకు గౌరవం దొరకదు.

నాలుగవ ఆజ్ఞ చిన్ననాడే నేర్చుకున్నాం. నెలనెలా డబ్బు పంపినంతమాత్రాన అది నెరవేరదు. ఈసారి ఫోను చేసినప్పుడు ఆయాను "అమ్మ ఎలా ఉంది?" అని అడిగి ఊరుకోకండి. ఫోను అమ్మకిమ్మనండి. "నీకెలా చేస్తే బాగుంటుందమ్మా?" అని అడగండి. ఆమె చెప్పింది ఆయాకు మీరే చెప్పండి.