పొగ ఎవరి వైపు?

సైలెన్సర్ పైపు ముందు భాగంలో విరిగితే పొగ మొదట తగిలేది కారులో ఉన్నవాళ్లకే. కార్బన్ మోనాక్సైడు నేల రేకు సందుల్లోంచి లోపలికి చేరుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తల నొప్పెడితే ఎండ అనుకుంటాం. మా 2004 నాటి మారుతి 800 గరగరమంటూ అరవడం మొదలెట్టాక, వెనక సీట్లో మా ఆవిడ రెండుసార్లు కణతలు నొక్కుకుంది. మర్నాడే బండిని విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లాను.

లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఇంటికీ బజారుకీ మధ్యే తిరిగే బండిలో పైపు చివరిదాకా వేడెక్కదు. ఆ తడి లోపలే నిలిచి ఇనుమును తినేస్తుంది. మెకానిక్ స్క్రూడ్రైవరు మొనతో పొడిస్తే తుప్పు పెచ్చులుగా రాలింది.

విరిగింది క్యాటలిటిక్ కన్వర్టర్ వెనకే. "మాస్టారూ, దీన్ని కోసేసి నేరుగా పైపు వేసేస్తా. పికప్ పెరుగుద్ది. లోపల ప్లాటినం ఉంటది, పాతసామాను వాళ్లు మంచి రేటిస్తారు" అన్నాడు. నాకు మేలు చెయ్యాలనే అన్నాడు. కన్వర్టర్ లోపల తేనెపట్టులా గదులు గదులుగా ఉండే దిమ్మె మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. బాగా వేడెక్కాక అది కార్బన్ మోనాక్సైడులో చాలా భాగాన్ని బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. తీసేస్తే నాకేం తెలుస్తుంది? అతుకు గట్టిగా ఉంటే చాలు, పొగంతా వెనక్కి పోతుంది. మా ఆవిడ తలనొప్పి పోతుంది.

వెనక ఎవరున్నారు? సిగ్నల్ దగ్గర స్కూటీ మీద ఓ తల్లి, ఆమె ముందు నిలబడ్డ పిల్లాడు. రోజంతా అక్కడే జామకాయలమ్మే ముసలమ్మ.

పరులు చేస్తే నీకు నొప్పి కలిగించేదాన్ని పరులకు చెయ్యకపోవడమే ధర్మాలన్నిటికీ పెద్దదని తిక్కన శాంతిపర్వంలో పద్యం కట్టాడు. చిన్నప్పుడు కంఠతా పట్టాం. కానీ ఆ కొలతకు నొప్పి కావాలి. పైపు అతికించిన క్షణం నుంచీ నా నొప్పి నాకు లేదు, వాళ్ల నొప్పి నాకు కనబడదు. పైగా పొగ పదిమందికీ పంచుకుపోతుంది, ఎవరి దగ్గుకు ఎవరి బండి కారణమో తేలదు. అలాంటిది హింసేనా?

హింస చేతలో ఉందా, తలంపులో ఉందా అన్న వాదం పాతదే. మజ్ఝిమ నికాయంలోని ఉపాలి సుత్తంలో జైన గృహస్థు ఉపాలి శరీరంతో చేసే పనే బరువైనదని వాదించడానికి వెళ్తే, బుద్ధుడు మనసుతో చేసేదే బరువైనదని ఒప్పిస్తాడు. ఆ లెక్కన ముసలమ్మను బాధపెట్టాలన్న తలంపు నాకు లేదు కాబట్టి తప్పించుకోవచ్చు. జైనాచార్యుడు ఉమాస్వాతి మాత్రం తప్పించుకోనివ్వడు. తత్త్వార్థసూత్రంలో ఆయన హింసకిచ్చిన నిర్వచనంలో ద్వేషం ఊసే లేదు. ఏమరుపాటుతో ప్రాణానికి హాని చెయ్యడం హింస, అంతే. నిజానికి బుద్ధుడు కూడా చివరిగా శిష్యులకు చెప్పింది ఏమరకుండా ఉండమనే. తెలిసి కూడా పట్టించుకోకపోవడాన్ని ఆయన మాత్రం మన్నిస్తాడా?

కన్వర్టర్ ఉంచినా నా బండి నిర్దోషి కాదు. బొగ్గుపులుసు వాయువు వస్తూనే ఉంటుంది. మునికి మహావ్రతం, గృహస్థుకు అణువ్రతం అని జైనులు వేరు చేసింది ఇందుకే. సంసారంలో ఉన్నవాడు హింసను పూర్తిగా మానలేడు, మానగలిగినదాన్ని మానకపోతే మాత్రం దోషి. కారు మానెయ్యడం ఈ వయసులో మావల్ల కాదు. ఆ దిమ్మెను అమ్ముకోకుండా ఉండటం మావల్ల అవుతుంది.

"అది అలాగే ఉంచి వెనక ముక్కే మార్చు నాయనా" అన్నాను. కొత్త పైపు అతికించి, క్లాంపు బిగించి, రబ్బరు హ్యాంగర్లు మార్చాడు. ఆ తర్వాత పొల్యూషన్ చెక్ చేయించాను. ఈ తరం బండ్లకు కార్బన్ మోనాక్సైడు 0.5 శాతం దాటకూడదు. దాటలేదు.

మీ బండి పైపు విరిగితే వెల్డింగుకు ముందే మెకానిక్‌తో గట్టిగా చెప్పండి, కన్వర్టర్ తియ్యొద్దని. ఇదివరకే ఎవరైనా తీసేసి ఉంటే కొత్తది వేయించండి.