ఆప్తుడెవరు?

నేను చదువుకున్నది గౌతముడి న్యాయశాస్త్రం, అంటే తర్కం. సాయంత్రాలు వికీడేటా అనే ఉమ్మడి సమాచార నిధిలో తెలుగు పదాలు చేరుస్తుంటాను. అక్కడి పదాల నుంచి, ఎవరైనా వీధి మాటలకు అర్థాలు రాయగల అర్బన్ డిక్షనరీ సైటుకు లంకె వేయాలా వద్దా అన్న మాట వస్తే, తోటివాళ్లు కొందరు ‘ఆ చెత్తకా?’ అని ముఖం చిట్లిస్తారు. నాకు మాత్రం ఇది శబ్దప్రమాణం, అంటే ఒకరి మాటే ఆధారంగా తెలుసుకోవడం, గురించిన ప్రశ్న. ఎవరి మాట నమ్మాలి?

నమ్మదగిన మాట చెప్పేవాణ్ణి న్యాయంలో ఆప్తుడంటారు. గౌతముడి సూత్రాలకు రాసిన న్యాయభాష్యంలో వాత్స్యాయనుడు ఆప్తుడికి కులగోత్రాలు అడగలేదు. విషయాన్ని స్వయంగా ఎరిగి ఉండాలి, ఎరిగినది ఎరిగినట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి. ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమేనన్నాడు. ఎన్నిసార్లు చదివినా ఒళ్లు పులకరించే చోటు అది. వేదాన్ని తలకెత్తుకున్న మీమాంసకులూ ఇక్కడికే వచ్చారు. పిక, తామరస లాంటి వేదపదాలకు ఆర్యుల్లో వాడుక లేకపోతే, వాడే మ్లేచ్ఛులు చెప్పిన అర్థమే తీసుకొమ్మన్నాడు వారిలో శబరస్వామి. మరో మీమాంసకుడు కుమారిలుడైతే ఆ సందర్భంలోనే ద్రావిడ భాషల ఊసెత్తి, వాటి మాటలకు సంస్కృతం తొడుగు వేసి తోచిన అర్థం లాగేవాళ్లను తప్పుపట్టాడు. మన దక్షిణాది భాషల గురించి అంత పాతకాలంలో అంత న్యాయంగా మాట్లాడినందుకు ఆయనకు దణ్ణం పెట్టాలి.

ఈ కొలతతో అర్బన్ డిక్షనరీని చూద్దాం. దాన్ని 1999లో ఆరన్ పెక్‌హమ్ కాలిఫోర్నియాలో విద్యార్థిగా ఉండగా మొదలుపెట్టాడు. తన వీధిలో పుట్టిన మాట గురించి అక్కడ రాసే కుర్రాడికి ఏ ఆచార్యుడికీ లేని ఎరుక ఉంది. మొదటి షరతు అతను నెగ్గాడు. చిక్కంతా రెండో దానితోనే. చాలామంది మారుపేర్లతో, నవ్వించడానికో ఏడిపించడానికో రాస్తారు. పాఠకుల ఓట్లు పడతాయి గానీ, నవ్వొచ్చినందుకూ ఓటు పడుతుంది.

ఇక లంకె వేసే చోటు సంగతి. వికీడేటాలో 2018 నుంచి పదాలకు విడి పుటలున్నాయి. పదానికో సంఖ్య, దాని కింద రూపాలకూ అర్థాలకూ వేరువేరు సంఖ్యలు. ఇంగ్లీషు ‘సిక్’ తీసుకోండి. జబ్బుపడటం ఒక అర్థం, కుర్రకారు నోట ‘అదిరింది’ అనేది ఇంకో అర్థం. ఇక్కడ రెండూ వేరువేరు గడుల్లో కూర్చుంటాయి. అర్బన్ డిక్షనరీలో అవే అక్షరాల కింద ఎవరికి తోచింది వారు రాసిన అర్థాలన్నీ ఒకే కుప్ప. అందుకే లంకె వేసినా, ఈ మాట అక్కడా ఉందని మాత్రమే అది చెప్పగలదు.

ఆ మాత్రం చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు. వికీడేటాలో బయటి గుర్తింపు వేరు, ఆధారం వేరు. మొదటిది చిరునామా. రెండోది సాక్షి సంతకం. చిరునామాగా అర్బన్ డిక్షనరీని రాయండి, తప్పులేదు. ఆధారం గడిలో మాత్రం ఆ మాటను నిజంగా వాడిన పాటనో పత్రికనో పెట్టండి.

బూతులున్న చోటికి జనాన్ని పంపడమేమిటని ఒక మిత్రురాలు నిలదీసింది. తిట్టు కూడా వాడుకే కదా, దాన్ని తిట్టు అని చెప్పి చూపించాలి అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. తమ ఊళ్లో ఒక అమ్మాయి పేరునే పదంగా పెట్టి రాసేవాళ్ల సంగతేమిటంది. అక్కడ ఆమెదే సరైన మాట. వాత్స్యాయనుడు మరోచోట ఆప్తుడికి భూతదయ కూడా ఉండాలన్నాడు. ఒక మనిషి పేరు కింద బురద పోసినవాడికి అది లేదు. ఆ పుటకు నేను చిరునామా కూడా రాయను.