లెక్క దాచని కాయకము

శ్రీ గురు బసవలింగాయ నమః

షట్‌స్థల సిద్ధాంతమును గూర్చియు, లింగాంగ సామరస్యమును గూర్చియు పెద్దలు చెప్పు మాటలు వినుట మనకు పరిపాటి. నేటి విచారము మాత్రము మన ఇండ్లలో రాత్రి రెండు గంటల వరకు దీపము వెలిగించుకొని కూర్చుండు బిడ్డలను గూర్చినది. వారి ముందు జమాఖర్చుల పుస్తకములు, పన్నుల చట్టములు, పాత ప్రశ్నపత్రములు ఉండును. వారి మనస్సులో "ఈ సారియైనను గట్టెక్కుదునా?" అను ఒకే ప్రశ్న ఉండును. ఈ విద్యకును శివభక్తికిని సంబంధమేమి అని ఎవరైనను అడుగవచ్చును. సంబంధము కలదు. అది మన మూలపురుషుని జీవితమునందే కలదు.

బసవేశ్వరుడు 12వ శతాబ్దమున కలచురి బిజ్జలుని కొలువున మొదట కరణికుడుగా, అనగా లెక్కలు వ్రాయు ఉద్యోగిగా, మంగళవాడలో చేరి, క్రమముగా భండారమునకు అధికారియై కల్యాణమును వెలిగించెనని సంప్రదాయము చెప్పుచున్నది. మంత్రపదవిని అధిష్ఠించిన మహాత్ముని తలచుకొనుట మనకు తెలియును. ఘంటము చేతబట్టి రాజుగారి ఆదాయవ్యయములు సరిచూచిన యువకుని తలచుకొనువారు తక్కువ. కరణికమును ఆయన కడుపుకూటి కొరకు చేయు తక్కువ పనిగా ఎంచలేదు. ఆ పనియే ఆయనకు కాయకమైనది.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున ఒక ఘట్టము కలదు. బసవన్న రాజభండారమును జంగములకు పంచిపెట్టుచున్నాడని గిట్టనివారు బిజ్జలునితో కొండెములు చెప్పిరి. రాజు భండారమును లెక్కింపజేసెను. ఒక్క మాడయైనను తగ్గలేదు. ఈ కథను వినినప్పుడు మనము మహిమను చూచి చేతులు జోడింతుము. అది సరియే. అయితే అందు మరియొక పాఠము కూడ ఉన్నది. లెక్క చూపుమని అడిగినప్పుడు బసవన్న అవమానముగా తలపలేదు. భండారపు తలుపు తెరచుటకు వెనుదీయలేదు. ఎదుటివాడు అనుమానముతో అడిగినను, అధికారముతో అడిగినను, తలుపు తెరచి చూపగలవాడే నిజమైన కరణికుడు.

ఇక రెండవ కథ. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను శరణ దంపతులు కల్యాణమున ఉండిరి. ఆయ్దక్కి అనగా ఏరిన బియ్యము. బసవన్న మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, వండి, జంగమ దాసోహము చేయుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన ఎప్పటికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని చూచి సంతోషింపలేదు. మనకు కావలసినదానికంటె ఎక్కువ తెచ్చుట ఆశ యగునని, మిగిలినదానిని మరల అచ్చటనే విడిచి రమ్మని భర్తను పంపెను. ఆయన విడిచి వచ్చెను.

లెక్కలు నేర్చినవారు ఈ కథను రెండు సార్లు చదువవలెను. లోకమున సామాన్యముగా తరుగు వచ్చినప్పుడే అలజడి పుట్టును. మిగులు వచ్చినచో "పోనిమ్ము, మనకే లాభము" అందురు. అంకణా సరిచూచువానికి అట్లు కాదు. జమవైపు పది రూపాయలు ఎక్కువైనను తప్పే, తక్కువైనను తప్పే. బ్యాంకులో నగదు లెక్కించు గుమాస్తా సాయంకాలము పెట్టెలో వంద రూపాయలు మిగిలినచో, వంద తగ్గినంతగానే కలవరపడును. ఏలయనగా ఆ వంద ఎవరిదో. లెక్క తెలిసినవాని దృష్టిలో కారణము తెలియని మిగులు పరధనమే. 1494లో వెనీసు నగరమున లూకా పాచియోలి అను క్రైస్తవ సన్యాసి తన గణిత గ్రంథమున జంటపద్దు విధానమును వివరించి అచ్చు వేయించెను. అంతకు మూడు శతాబ్దములకు ముందే, చదువుకొనిన పండితురాలు కాని ఒక శరణి, ముంగిట రాలిన గింజలయందు, మిగులు కూడ దోషమేయని గ్రహించినది.

మిగులును మన్నించినచో ఏమగునో మన నగరమే చూచినది. 2009 జనవరి 7వ తేదీన హైదరాబాదులోని ఒక పెద్ద సంస్థ అధిపతి, తన సంస్థ పుస్తకములలో చూపిన నగదులో 5,000 కోట్ల రూపాయలకు పైబడినది అసలు లేనే లేదని వ్రాతపూర్వకముగా ఒప్పుకొనెను. మొదట ఆ వ్యత్యాసము చిన్నదేయనియు, ఏటేటా దానిని కప్పుచు పోగా అది కొండ యైనదనియు ఆ లేఖలోనే చెప్పబడినది. పెద్ద అబద్ధముతో ఎవరును ప్రారంభింపరు. చిన్న వ్యత్యాసమును ఒకసారి దాచుదురు. మరునాటి నుండి ఆ దాచుటయే వారి ఉద్యోగ మగును.

ఈ మాట సంస్థలకే కాదు, ఇండ్లకును చెల్లును. అందులకు ఒక దృష్టాంతము.

జహీరాబాదు ప్రాంతమున ఒక లింగాయత కుటుంబము. తాతగారు ధాన్యపు దుకాణము నడిపినవారు. మనుమడు చార్టర్డ్ అకౌంటెన్సీ చదువుటకు హైదరాబాదు చేరి, ఒక ఆడిటరు వద్ద ఆర్టికల్ శిక్షణలో ఉండెను. 1949లో చట్టము ద్వారా ఏర్పడిన చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ నడుపు ఈ పరీక్షల నియమము కఠినమైనది. ప్రతి పత్రమునందును నూటికి 40 మార్కులు రావలెను. గ్రూపు మొత్తము మీద నూటికి 50 రావలెను. ఒకటి వచ్చి మరియొకటి రాకపోయినచో చాలదు. ఈ యువకునికి ఫైనల్ పరీక్ష మొదటి గ్రూపులో 52, 47, 45 మార్కులు వచ్చినవి. ఏ పత్రమునందును తప్పలేదు. మొత్తము 144. కావలసినది 150. ఆరు మార్కులు తక్కువయై గ్రూపు పోయినది.

ఆ రాత్రి ఇంటి నుండి ఫోను వచ్చినప్పుడు "ఫలితములు ఇంకను వెలువడలేదు" అనెను. మరుసటి వారము అడిగినప్పుడు "ఈ పర్యాయము నేను వ్రాయనే లేదు" అనెను. ఒక పద్దును కప్పుటకు మరియొక పద్దు వ్రాసినట్లయినది. క్రమముగా ప్రాతఃకాలమున ఇష్టలింగ పూజయు మానివేసెను. తప్పినవాని అరచేతిలో లింగము నిలుచునా అని అతని బెంగ. లింగమును మెడలోనే ఉంచుకొనెను గాని చేతికి తీసికొనలేదు.

ఇదే కాలమున అతనిని ఒక వ్యాపారి గోదామునకు సరకు నిల్వ సరిచూచుటకు పంపిరి. పుస్తకము ప్రకారము ఉండవలసినదానికంటె మూడు బస్తాలు ఎక్కువగా తేలినవి. గోదాము గుమాస్తా నవ్వి, "తగ్గలేదు కదా, వ్రాయకుము" అనెను. యువకుడు వినలేదు. రశీదులన్నియు తిరుగవేయించెను. ఆ మూడు బస్తాలు అప్పటికే ఒక చిన్న దుకాణదారునికి అమ్మి, బిల్లు వేసి, సొమ్ము తీసికొని, సరకు పంపుట మరచినవని తేలెను. ఆ దుకాణదారుడు చెల్లించిన సొమ్మునకు సరకు అతనికి చేరినది.

శివరాత్రికి ఇంటికి వచ్చినప్పుడు యువకుడు ఈ సంగతిని తాతగారికి కొంత గర్వముతోనే చెప్పెను. వృద్ధుడు సంతోషించెను. పిదప పూజకు కూర్చుండుమనెను. మనుమడు తల వంచుకొని కదలలేదు. చాలసేపటికి అసలు సంగతి బయటపడెను.

తాతగారు కోపింపలేదు. "బిడ్డా, ఎవని గోదాములోనో మూడు బస్తాలు దాచనీయలేదు. నీ ఇంటిలో ఆరు మార్కులు ఏల దాచితివి?" అని మాత్రము అడిగెను.

యువకుడు మాటాడలేదు.

"నలువది ఏండ్లు దుకాణము నడిపితిని. లెక్క తప్పని రోజు ఉండునా? తప్పిన రోజున దుకాణము ఎత్తివేయలేదు. తప్పు ఎచ్చట వచ్చినదో దొరకువరకు దీపము ఆర్పలేదు. నీకు వచ్చిన తరుగు ఆరు. చిట్టాలో ఆరు అని వ్రాయుము. నీవు 'సర్వము పోయినది' అని వ్రాసికొంటివి. అది తప్పుడు పద్దు కాదా? మరి లింగము సంగతి. నీకు దీక్ష ఇచ్చిన నాడు గురువు నీ మార్కుల పట్టీ అడిగెనా?"

ఆ రోజున యువకుడు లింగమును చేతికి తీసికొనెను. ఆ గ్రూపు ఆ తరువాత రెండవ పర్యాయమున ముగిసినది. అయితే అతని మనస్సు కుదుటపడినది ఉత్తీర్ణుడైన నాడు కాదు, నిజము చెప్పిన నాడే.

భక్తులారా! ఈ దృష్టాంతమునందు గ్రహింపవలసినవి మూడు.

మొదటిది. ఫలితము కాయకము కాదు. పఠనము కాయకము. శ్రద్ధతో, పూర్ణముగా, మోసము లేక చేసిన పఠనము చేసిన నాడే శివార్పిత మగును. ఇది సోమరులకు ఓదార్పుగా చెప్పిన మాట కాదు. కాయకము అనినప్పుడు సగము మనస్సుతో చేసిన పనికి తావు లేదు. ఆరు మార్కులు ఏ పత్రమున, ఏ ప్రశ్నయందు జారినవో వెదకుట కూడ కాయకములోని భాగమే. తప్పును వెదకని పశ్చాత్తాపము అనామతు ఖాతా వంటిది. దానిలో వేసిన మొత్తము కనుమరుగగును గాని తీరదు.

రెండవది. ఒక సంవత్సరపు ముగింపు నిల్వయే మరుసటి సంవత్సరపు ప్రారంభపు నిల్వ. తప్పిన పరీక్షకు చదివిన చదువు ఎచ్చటికిని పోదు; అది ముందుకు తేబడును. 2025 నుండి ఫైనల్ పరీక్ష కూడ సంవత్సరమునకు మూడు పర్యాయములు జరుగునట్లు ఏర్పాటైనది. త్రోవ మూసికొనిపోలేదు. ఒకవేళ ఈ పరీక్ష ఒకనికి తగినది కాకున్నను, లెక్క తెలిసిన నిజాయితీపరునికి బ్రతుకుతెరువు కరవు కాదు. శరణులలో నావ నడిపినవారు, త్రాళ్ళు పేనినవారు, చెప్పులు కుట్టినవారు ఉండిరి. అనుభవ మంటపమున వారి ఆసనము ఎవరి ఆసనముకంటెను తక్కువ కాలేదు. పేరు తరువాత వ్రాసికొను రెండు అక్షరములు గౌరవమును తెచ్చును. కాని మనిషి విలువ ఆ అక్షరములతో పుట్టినది కాదు.

మూడవది. లెక్క చెప్పుటకు బిడ్డ భయపడిన ఇంటిలో లెక్క అడుగు పద్ధతియందు దోషముండును. తల్లిదండ్రులు బంధువుల ఎదుట మార్కులు అడుగరాదు. పొరుగింటి బిడ్డతో పోల్చరాదు. "ఎన్ని వచ్చినవి?" అను ప్రశ్నకు ముందు "అన్నము తింటివా?" అను ప్రశ్న రావలెను. అప్పుడు తలుపు లోపలి నుండియే తెరచుకొనును. బిడ్డ నిరాశలో మునిగి మాటలు మానినచో, దానిని మొండితనమని విడువక, ప్రక్కన కూర్చుండి వినవలెను. అవసరమైనచో వైద్యుని సలహా పొందుటకు సంకోచింపరాదు. మఠములకును ఇందు పని కలదు. తుమకూరు సిద్ధగంగా మఠము అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహముతో వేలాది బిడ్డలను చదివించుచున్నది. అంత చేయలేని చిన్న మఠమైనను, పరీక్షల నెలలో ఒక నిశ్శబ్దమైన గదియు, ఒక పూట ప్రసాదమును, ఒక మంచి మాటయు ఇయ్యగలదు.

ఇప్పటికే ఉద్యోగములలో ఉన్నవారికి వేరొక దిగులు కలదు. 2017 జులై 1 నుండి వచ్చిన వస్తుసేవల పన్నుతో లెక్కల రూపమే మారినది. కంప్యూటరు యంత్రములు క్షణములో పద్దులు వ్రాయుచున్నవి, అంకణాలు తేల్చుచున్నవి. ఇక కరణికునితో పనియేమి అని వారు కలవరపడుచున్నారు. యంత్రము కూడగలదు, తీసివేయగలదు, మూడు బస్తాలు ఎక్కువని చెప్పగలదు. కాని "ఇది మనది కాదు, తిప్పి ఇమ్ము" అని నిలబడి చెప్పుటకు లక్కమ్మ వంటి మనస్సు కావలెను. ఆ మనస్సు ఉన్నంతవరకు కరణికునకు పని ఉండును. ఆ మనస్సు లేనినాడు యంత్రము లేకున్నను అతని కరణికము వ్యర్థమే.

కావున లెక్కల విద్య నేర్చు బిడ్డలు ప్రతి రాత్రి నిద్రకు ముందు రెండు నిమిషములు ఒక చిన్న చిట్టా వ్రాసికొందురు గాక. నేడు చేసిన పని ఎంత, జారవిడిచిన పని ఎంత, ఎవరికైనను దాచిన మాట ఏమైన ఉన్నదా అని. మరునాటి ఉదయము భస్మము ధరించి, లింగమును అరచేత నిలిపి, ఆ చిట్టాను అచ్చట ఒప్పగింతురు గాక. చూచువాడు దయామయుడు. ఆయన తరుగును చూచి త్రోసివేయడు. తలుపు తెరచి చూపినవాని ఎదుట ఆయన కూర్చుండును.

శరణు శరణార్థి.