బుల్లోడి ట్రే గురించి పెదనాన్న మాట

చిన్నా,

మీ పిల్లి బుల్లోడిని గోనెసంచిలో వేసుకెళ్లి కిన్నెరసాని వైపు అడవిలో వదిలేద్దామన్న మాట నీ నోట ఇంకోసారి రాకూడదు. నీ బాధ తెలియక కాదు. రెండు గదుల ఫ్లాటు, కిటికీ తెరిస్తే వడగాలి, మూస్తే పిల్లి కంపు. ఇంటికొచ్చిన చుట్టాలు చెప్పులు విప్పకముందే ముక్కు మూసుకుంటున్నారట. కోడలు పిల్లకు మూడో నెల, వేవిళ్లకు తోడు ఈ వాసన కూడానని మీ అమ్మ ఫోన్లో వాపోయింది. అన్నీ నిజమే. కానీ గిన్నెలో పెడితే తిని నీ దిండు మీద పడుకునే పిల్లికి అడవేం తెలుసురా? కిన్నెరసాని 1977 నుంచి అభయారణ్యం, 635 చదరపు కిలోమీటర్లు. అక్కడ చిరుతలున్నాయి, బావురుపిల్లులున్నాయి. మనవాడు ఆకలికి చావకుండా బతికి బట్టకట్టినా ఇంకో తంటా. నేల మీద గూడు పెట్టుకునే పిట్టల్ని పట్టి తింటాడు, ఊరి పిల్లుల జబ్బులు అడవి పిల్లులకు అంటిస్తాడు. పశువుల దవాఖానాలో కాంపౌండరుగా జీతం తిన్నవాణ్ని, ఈ ఒక్క సంగతిలో నా మాట విను. ఈ కంపుకు విరుగుడు ఉంది, పెద్ద ఖర్చు కూడా కాదు.

ముందు వాడు ట్రేలో పోస్తున్నాడా, గోడల మీద చిమ్ముతున్నాడా చూడు. రెండూ వేరు. కూర్చుని పోస్తే అది మామూలు ఉచ్చ. తోక నిటారుగా ఎత్తి, తోక కొస వణికిస్తూ, నిలబడే వెనక్కి బీరువా మూలకో తలుపు చెక్కకో చిమ్మితే అది హద్దు పెట్టుకోవడం. వయసొచ్చిన మగపిల్లి లక్షణం. బుల్లోడికి ఏడాది దాటింది కదా, రెండూ చేస్తుంటాడని నా అనుమానం. గోడ మీద చిమ్మిన దానికి ట్రే ఎంత కడిగినా ప్రయోజనం లేదు.

మగపిల్లి ఉచ్చకు ఆ ఘాటు ఎందుకో జపాన్‌లో మసావో మియజాకి అనే ఆయన బృందం 2006లో తేల్చింది. పిల్లి మూత్రపిండాల్లో కాక్సిన్ అనే ఒక ప్రొటీను తయారవుతుంది. దాని పనివల్ల ఫెలినైన్ అనే పదార్థం ఉచ్చలోకి దిగుతుంది. ఫెలినైన్‌లో గంధకం ఉంటుంది. బయట పడ్డాక అది మెల్లగా విరుగుతూ ఆ కంపును వదులుతుంది. అందుకే పోసిన నిమిషంలో కంటే మర్నాడు ఎక్కువ కొడుతుంది. విత్తులున్న మగపిల్లిలో ఈ ఫెలినైన్ బాగా ఎక్కువ, ఆడపిల్లిలో, విత్తులు తీసిన మగపిల్లిలో తక్కువ.

కాబట్టి మొదటి పని ఆపరేషన్. కోడెదూడలకు మేం బర్డిజో పటకారుతో విత్తులు నొక్కేవాళ్లం, నువ్వు చిన్నప్పుడు చూసి ఏడ్చావు. పిల్లికి అలా కాదు, భయపడకు. మత్తిచ్చి, చిన్న గాటుతో తీసేస్తారు, చాలాసార్లు కుట్టు కూడా పడదు. అయిదారు నెలల వయసులోనే చేయించి ఉంటే చిమ్మే అలవాటు చాలావరకు పడేది కాదు. ఇప్పుడు చేయించినా పదింటిలో తొమ్మిది పిల్లులు చిమ్మడం మానేస్తాయి, లేదా బాగా తగ్గిస్తాయి. మర్నాటికే మారిపోతుందని మాత్రం చూడకు. ఒంట్లో ఉన్న హార్మోను దిగడానికి కొన్ని వారాలు పడుతుంది. మగతనం తీసేస్తే పాపమని మీ మేనత్త ఏదో అంటుంది. అననీ. ఆపరేషన్ అయిన పిల్లి ఇల్లు వదిలి తిరగడం, కొట్లాటలకు పోవడం, చెవులు చింపుకుని రావడం బాగా తగ్గుతాయి. పన్లో పని రేబిస్ టీకా కూడా వేయించు.

ఇక రెండో కంపు. ముక్కుకు ఎక్కి కళ్లు మండేది అమ్మోనియా. ఇందులో పిల్లి తప్పేం లేదు. ఉచ్చలోని యూరియాను సూక్ష్మజీవులు విరిచి అమ్మోనియా చేస్తాయి. తడి, వేడి రెండూ ఉంటే వాటికి పండగ. భద్రాచలం ఎండలకు మూసిన బాత్రూంలో పొద్దుటి ఉచ్చ సాయంత్రానికి ఎలా తయారవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. ఆ సూక్ష్మజీవులు పని మొదలుపెట్టకముందే తీసేయడం ఒక్కటే మందు. పొద్దున్నొకసారి, రాత్రి పడుకునే ముందొకసారి. నువ్వు ఆదివారం ఆదివారం ట్రే మొత్తం మారుస్తున్నానని గొప్పగా చెప్పావు చూడు, అసలు జబ్బు అక్కడే ఉంది. వారానికోసారి పెద్ద పని పెట్టుకోవడం కంటే రోజూ రెండు నిమిషాలు చాలా నయం.

ట్రేలో ఏం పోయాలన్నది తర్వాతి మాట. గోదావరి ఇసుక పోస్తున్నావట. ఇసుక పీల్చదురా, ఉచ్చంతా అడుక్కి దిగి అక్కడే కుళ్లుతుంది. పైన పొడిగా కనిపించి మోసం చేస్తుంది. మీ నాయనమ్మ చెప్పిందని పొయ్యిలో బూడిద చల్లుతున్నావని కూడా విన్నాను. పెంట మీద బూడిద మంచిదే, పెరట్లో అదే చేసేవాళ్లం. ఉచ్చ మీద మాత్రం వద్దు. బూడిద క్షారం. క్షారం తగిలితే ఉచ్చలోని అమ్మోనియా ఉన్నపళంగా గాలిలోకి లేస్తుంది. సున్నం చల్లినా అంతే. లేకపోతే మా పాల్వంచలో బూడిదకేం కరువు, థర్మల్ కేంద్రం పక్కనే ఉన్నవాళ్లం, లారీకెత్తి పంపేవాణ్ని.

అమెరికాలో కూడా ఒకప్పుడు ఇదే గోల. 1947లో మిషిగన్‌లో ఎడ్ లో అనే కుర్రాడి దగ్గరికి పక్కింటావిడ వచ్చి, పిల్లికి బూడిద వేస్తుంటే ఇల్లంతా నల్లటి అడుగులు పడుతున్నాయి, కాస్త ఇసుక ఇవ్వమంది. అతను ఇసుక బదులు కార్ఖానాల్లో నూనె ఒలికితే పీల్చడానికి వాడే ఎండు మట్టి ఇచ్చి పంపాడు. అది మన ఆడవాళ్లు ముఖానికి రాసుకునే ముల్తానీ మట్టి జాతిదే. అక్కణ్నుంచి పిల్లి లిట్టర్ అనే వ్యాపారమే పుట్టింది. ఇప్పుడు నువ్వు కొనాల్సింది దానికి తర్వాతి రకం, బెంటొనైట్ మట్టి. మన దేశంలో గుజరాత్ కచ్ ప్రాంతంలో బాగా దొరుకుతుంది. తడి తగిలిన చోట ఉబ్బి గడ్డ కడుతుంది కాబట్టి ఆ గడ్డ వరకు జల్లెడ గరిటెతో ఎత్తి పారేస్తే సరి. ట్రేలో రెండు మూడు అంగుళాల మందం ఉండాలి. పొదుపని పల్చగా పోస్తే ఉచ్చ అడుగు ప్లాస్టిక్కును తాకి అంటుకుపోతుంది, గీకలేక చస్తావు. సెంటు కలిపిన రకం కొనకు. మనిషి ముక్కుకు నచ్చేది పిల్లి ముక్కుకు పడదు, అలిగి నీ పరుపు మీదికెక్కుతుంది.

అది ఖరీదనిపిస్తే కొబ్బరి పొట్టు ఫర్వాలేదు, బాగా పీలుస్తుంది, కాకపోతే గడ్డ కట్టదు, తరచూ మార్చాలి. వరి ఊక పనికిరాదు, దానికి నీళ్లంటవు. సామిల్లులో రంపపు పొట్టు ఉచితంగా ఇస్తారని తెచ్చేవు, టేకు పొట్టు సన్నటి దుమ్ము పిల్లికీ నీకూ తుమ్ములు తెప్పిస్తుంది. జామాయిల్ పొట్టు అసలే వద్దు, ఆ నూనె పిల్లులకు పడదు.

ట్రే కూడా మార్చు. ఇప్పుడున్నది బుల్లోడు పిల్లగా ఉన్నప్పటిది, అందులో వాడి ముందరి కాళ్లు పట్టి వెనక భాగం బయటికొస్తుంటే నేల మీద పడకేం చేస్తుంది? వాడి పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి, మూడు వైపులా గోడ ఎత్తుగా, ఒక వైపు దిగువగా. పెద్ద ప్లాస్టిక్ టబ్బు కొని ఒక వైపు కోయించుకుంటే చవకలో పోతుంది. మూత పెట్టకు, వాసన లోపలే ఆగి పిల్లి లోనికి పోనంటుంది. రెండు ట్రేలు ఉంటే ఇంకా మంచిది. అన్నం గిన్నెకు దూరంగా, గాలి ఆడే చోట, ఎండ పడని చోట పెట్టు. పాత ప్లాస్టిక్కు మీద గోళ్ల గీతలు పడితే వాటిలో వాసన దూరుతుంది, ఏడాదికోసారి ట్రే పారేసి కొత్తది తెచ్చుకో.

కడగడానికి వేడినీళ్లు, వాసనలేని సబ్బు చాలు. ఫినాయిల్ ఇంట్లోంచి తీసెయ్. పిల్లి కాలేయానికి అలాంటి మందుల్ని విరిచే శక్తి మనకున్నంత లేదు. పాదాలకు అంటింది నాకి విషమెక్కించుకుంటుంది. నాఫ్తలీన్ గోళీలు, కర్పూరం, సెంటు నూనెలు అదే లెక్క. బ్లీచింగ్ పౌడరు ఉచ్చతో కలిస్తే ఊపిరాడని గాలి పుడుతుంది, కోడలు పిల్ల ఉన్న ఇంట్లో ఆ పని చేయకు. అగరుబత్తులు వెలిగించి కప్పెట్టడమంటే చెమట చొక్కా మీద అత్తరు చల్లినట్టే. గోడ మీద చిమ్మిన మరకలకు ఎంజైము ఉన్న శుభ్రపరిచే ద్రవం దొరుకుతుంది, పోసి కొంతసేపు తడిగానే ఉండనివ్వు. మరకెక్కడుందో తెలియకపోతే రాత్రి దీపాలార్పి అతినీలలోహిత టార్చి వేసి చూడు, ఆరిన ఉచ్చ మెరుస్తుంది. చూసి గుండె జారిపోకు, నువ్వనుకున్న దానికంటే ఎక్కువే ఉంటాయి. వెనిగర్ వాడమని ఎవరైనా అంటే టైల్స్ మీద సరే, మీ హాల్లో ఉన్న షాబాదు బండ మీద మాత్రం పోయకు. అది సున్నపురాయి, పులుపు తగిలితే తినేసి మచ్చ పడుతుంది.

తిండి గురించి కూడా ఒక మాట. పాలన్నం పెట్టడం మానెయ్. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, పెంట పల్చనై ఇల్లంతా కంపు. ఎండు చేపల ఉప్పు కూడా వద్దు. ఉడికించిన కోడిమాంసమో చేపో, లేదా పిల్లుల కోసం తయారుచేసిన మేతో పెట్టు. నీళ్లు మాత్రం రెండు మూడు చోట్ల వెడల్పు గిన్నెల్లో పెట్టు, ఎండల్లో రోజుకు రెండుసార్లు మార్చు. నీళ్లు తాగిన పిల్లి ఉచ్చ పల్చన, ఘాటు తక్కువ.

నీళ్ల మాట మగపిల్లికి ఇంకా ముఖ్యం. వాటి మూత్రనాళం సన్నది, రాళ్లో జిగురో అడ్డం పడితే మూసుకుపోతుంది. ట్రేలోకి మాటిమాటికి వెళ్లి, కూర్చుని ముక్కుతూ అరుస్తూ, చుక్క చుక్క రావడం, అదీ రాకపోవడం చూస్తే ఇంక ఆగకు. మలబద్ధకమని ఆముదం తాగించే పని పెట్టుకోకు. అదే పూట డాక్టరు దగ్గరికి పో, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. నొప్పికని పారాసిటమాల్ ముక్క వేస్తే పిల్లి చస్తుంది, ఇది ఇంట్లో అందరికీ చెప్పు. రోజూ ట్రే ఎత్తేవాడికి గడ్డలెన్ని, ఎంతెంత అన్నది కళ్ల ముందే ఉంటుంది. ఈ జబ్బును ముందే పట్టడానికి అంతకంటే మంచి దారి లేదు.

కోడలు పిల్ల ట్రే ముట్టుకోకూడదు, ఈ ఆరు నెలలూ అది నీ పని. పిల్లి పెంటలో టోక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండే వీలుంది. కడుపులో బిడ్డకు హాని. అయితే పెంట పడిన వెంటనే అది అంటదు, ముదరడానికి ఒక రోజు నుంచి అయిదు రోజులు పడుతుంది. రోజూ రెండుసార్లు ఎత్తే ఇంట్లో, పచ్చి మాంసం తినని, ఎలకలు పట్టని పిల్లితో ఆ భయం చాలా తక్కువ. అలా అని ఏమరుపాటు పనికిరాదు, తొడుగులు వేసుకుని ఎత్తు, చేతులు కడుక్కో. పిల్లి ఇంట్లో ఉంటే కడుపు నిలవదనే మాటలు మాత్రం ఆ పిల్ల చెవిన పడనీయకు.

ఎత్తిన గడ్డలు రెండు పొరల కవర్లో కట్టి పంచాయతీ బండికి వెయ్యి. లెట్రిన్‌లో పోసి నీళ్లు కొడితే బెంటొనైట్ ఉబ్బి గొట్టం బిగుసుకుపోతుంది, ప్లంబరు నిన్ను తిట్టుకుంటాడు. కరకట్ట మీద విసరడం, కూరగాయల మడిలో పూడ్చడం రెండూ వద్దు. 2014లో చుట్టుపక్కల ఊళ్లు ఆంధ్రలో కలిశాక పట్టణానికి చెత్త వేసుకునే జాగాకే కటకట, నీ వంతు గోదారిలోకి పోనీయకు. వానాకాలం గాలిలో తేమకే లిట్టరు ముద్ద కడుతుంది, బస్తా మూత ఉన్న డబ్బాలోకి మార్చి అటక మీద పెట్టు. 2022 జూలైలో గోదారి 71 అడుగులు దాటినప్పుడు మీ వీధివాళ్లు ఏం సర్దుకోవాలో తెలియక పడ్డ అవస్థ నువ్వే చెప్పావు. అలాంటప్పటికి పిల్లిని మోసే బుట్ట ఒకటి ఇంట్లో ఉండాలి.

ఆ బుట్ట ముందు ఆపరేషన్‌కే పనికొస్తుంది. ముందు రోజు రాత్రి ఎన్ని గంటల నుంచి మేత ఆపాలో డాక్టర్ని అడుగు, వాళ్లు చెప్పిన లెక్కే పాటించు. తేదీ ఖాయం కాగానే నాకు ఫోన్ చెయ్, పాల్వంచలో పొద్దున్నే బస్సెక్కి వస్తా. బుట్ట నేను పట్టుకుంటా, నువ్వు బండి నడుపు. కోడలు పిల్లకు చింతకాయ పచ్చడి తెస్తున్నానని చెప్పు.

ఇట్లు
మీ పెదనాన్న