లేమి నేర్పిన నానాత్వం

కదిరి ప్రాంతంలో తాళిబొట్టు పక్కన, నల్లపూసల నడుమ పగడం కనిపిస్తుంది. కుజుడు అనుకూలంగా లేడంటే జ్యోతిష్కులు దాన్నే ఉంగరంలో పొదిగించుకోమంటారు. సముద్రపు గాలి సోకని ఈ మెట్టనేలలోనూ పగడానికి పూజ ఉంది, విలువ ఉంది. కానీ ఆ ఎర్రని పూస ప్రాణులు కట్టుకున్న అస్థిపంజరంలో ఒక ముక్క అన్న సంగతి మాత్రం మన మతజీవితంలోకి ఇంకా రాలేదు. నగల్లోకి వచ్చే మేలైన పగడానికి మధ్యధరా సముద్రం ప్రసిద్ధి. దాని దాయాదులు ఉష్ణమండలంలో, లోతు తక్కువ నీళ్లలో పగడపు దిబ్బలు కడతాయి. మన దేశంలో మన్నారు సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్, కచ్ సింధుశాఖ వాటికి నెలవులు. అక్కడి జీవరాశిని ఓపికగా లెక్కిస్తున్న శాస్త్రజ్ఞులు మన పాత ప్రశ్న ఒకదానికి కొత్త ఆధారాలు సమకూరుస్తున్నారు. పరమార్థం ఒక్కటే అయితే ఇన్ని రూపాలు దేనికి? నానాత్వం జీవం మీద కప్పిన తొడుగా, లేక జీవం నిలబడే పద్ధతే అదా? పద్ధతే అని నేను నమ్ముతున్నాను. అదే నిజమైతే దాన్ని కాపాడటం ధర్మంలో భాగమవుతుంది తప్ప, తీరిక ఉన్నవాళ్ల సరదాగా మిగలదు.

ఉష్ణమండలపు సముద్రం అద్దంలా తేటగా ఉండటానికి కారణం దాని పేదరికం. అందులో నత్రజని, భాస్వరం చాలా తక్కువ. పోషకాలు లేని నీళ్లలో నాచు ఎక్కువగా పెరగదు కాబట్టి అడుగు దాకా వెలుగు దిగుతుంది. జీవానికి కావలసిన సరుకు ఇంత తక్కువగా ఉన్నచోట సముద్రప్రాణుల్లో దాదాపు పావు వంతు జాతులకు ఆశ్రయం దొరుకుతోంది. ఆ దిబ్బలన్నీ కలిపినా సముద్రపు అడుగులో ఒక శాతం కూడా ఉండవు. 1842లో పగడపు దిబ్బల మీద పుస్తకం రాసిన డార్విన్ పేరుతోనే ఈ చిక్కుముడిని ఇప్పటికీ పిలుస్తారు. దాన్ని విప్పాలంటే ఒక్క పగడపు పురుగును దగ్గరగా చూడాలి. చాలా జాతుల్లో అది కొన్ని మిల్లీమీటర్ల మెత్తని సంచి, పైన నోరు, నోటి చుట్టూ సన్నని స్పర్శకాలు. దాని కణాల లోపలే ఏకకణ శైవలాలు కాపురముంటాయి. అవి ఎండతో చక్కెర తయారుచేసి ఇంటివాడికి పెడతాయి. కొన్ని పగడాలకు కావలసిన శక్తిలో తొంభై శాతం దాకా ఇలా అందేదే. పురుగు విసర్జించే నత్రజని, భాస్వరం తిరిగి శైవలాలకు ఎరువవుతాయి. పగడం నుంచి నీళ్లలోకి జారిన పోషకాన్ని స్పంజికలు పీల్చుకుని తమ పాతకణాలను రాలుస్తాయి, వాటిని నత్తలూ పీతలూ తింటాయి. ఒకరి వ్యర్థం ఇంకొకరి కూడు. చేతికి అందినది చేజారకుండా ఉండాలంటే పట్టుకునే చేతులు ఎక్కువ కావాలి. లేమిలో జీవం నిలవడానికి వైవిధ్యం ఇలా ఆధారమవుతుంది.

ఇది సముద్రానికే పరిమితమైన సంగతి కాదు. అనంతపురం సీమలో సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అదీ నమ్మకంగా రాదు. అలాంటి నేలలో ఒకప్పుడు జొన్న, కొర్ర, సజ్జల మధ్య కంది, అలసంద, అనుము, ఆముదం సాళ్లు వేసేవారు. ఒకదాని వేరు లోతుకు పోతుంది, ఒకటి పైతేమతో బతుకుతుంది, పప్పుజాతి మొక్క నత్రజనిని నేలకు చేరుస్తుంది. ఒకటి ఎండినా ఇంకొకటి చేతికొచ్చేది. తర్వాత లక్షల ఎకరాల్లో వేరుశనగ ఒక్కటే పరుచుకుంది. కదిరి పరిశోధన కేంద్రం కదిరి-6, కదిరి లేపాక్షి వంటి మంచి వంగడాలను ఇచ్చింది, అందులో తప్పేమీ లేదు. కానీ ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే సీమ అంతా ఒకేసారి ఎండుతుంది. కరువు వానలేమి వల్ల వస్తుంది. దాన్ని తట్టుకునే శక్తి మాత్రం ఏకపంటతో పోతుంది.

అద్వైతి ఇక్కడ అడ్డు చెప్పవచ్చు. నానాత్వం మాయ అయినప్పుడు ఒక రూపం పోతే దుఃఖమెందుకు అని. శంకరులు వ్యావహారిక సత్యాన్ని తోసిపుచ్చలేదు. ఆకలి, దానం, దయ, పాపం అన్నీ ఆ తలంలోనే ఉన్నాయి. మాయ అని చెప్పి జాతుల నాశనాన్ని పట్టించుకోనివాడు అదే మాటతో పక్కింటివాడి ఆకలినీ పక్కన పెట్టవలసి వస్తుంది. రామానుజులు ఇంకా ముందుకెళ్లి, చిదచిత్తులన్నీ, అంటే చేతనమూ జడమూ అన్నీ, భగవంతుడికి శరీరమన్నారు. కదిరి నరసింహస్వామి కథ కూడా నాకు ఇక్కడే గుర్తొస్తుంది. హిరణ్యకశిపుడు తనకు చావు రాకూడని తీరులన్నీ ఏకరువు పెట్టి వరం పొందాడు. మనిషీ మృగమూ కాని రూపం ఆ జాబితాకు చిక్కకుండా వచ్చింది. పగడమూ అలాంటిదే: జంతువు, లోపల మొక్కలాంటి శైవలం, కింద రాయి. దైవానికి ఏ రూపాలు తగినవో ముందే తీర్మానించుకున్నవాడి అహంకారాన్ని ఆ స్తంభోద్భవం ఖండిస్తోంది.

ఇంకో అభ్యంతరం గట్టిది. పగడపు దిబ్బ ఆశ్రమం కాదు. రాత్రివేళ పగడాలు పక్క పగడం మీదికి జీర్ణతంతువులు చాచి దాన్ని కరిగించి తింటాయి. శైవలంతో స్నేహమూ షరతులతో కూడినదే. నీళ్లు వేసవి గరిష్ఠాన్ని ఒక డిగ్రీ దాటి కొన్ని వారాలు వేడెక్కితే పురుగు శైవలాలను బయటికి నెట్టేస్తుంది, తెల్లబారి చాలాసార్లు చచ్చిపోతుంది. కాబట్టి ప్రకృతిని చూసి ప్రేమ నేర్చుకోమని నేను అనను. ధర్మం ప్రకృతిలో రాసి లేదు. అయితే ఏ నష్టం ఎవరిదో ప్రకృతి చూపిస్తుంది, దానికి పూచీ పడటం మన పని. పగడానికి మెదడు లేదు, నొప్పి తెలుసో లేదో చెప్పలేం. అందువల్లే హింసకు నొప్పి ఒక్కటే కొలత కాకూడదు. జైనులు ఒకే ఇంద్రియమున్న జీవినీ అహింస పరిధిలోకి తెచ్చారు. చీమలకు చక్కెర వేసే మన భూతదయ ఒక్కొక్క ప్రాణినే చూస్తుంది. పగడాన్ని ఎవరూ కొట్టకపోయినా, గాలిలో చేరిన బొగ్గు, చమురు పొగ సముద్రాన్ని వేడెక్కించి దిబ్బ మొత్తాన్ని చంపుతోంది. 1998, 2010, 2016 వేడితో లక్షద్వీప్ దిబ్బలు దెబ్బతిన్నాయి. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా నాలుగో తెల్లబారుడు మొదలైందని శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఏళ్ల తరబడి అడుగున టేపు పరిచి దాని కింద ఏ జీవి ఉందో రాసుకున్నవాళ్లు ఉండబట్టే దిబ్బలకు జరిగిన నష్టం తెలిసింది. ఆ లెక్క రాయడం నా దృష్టిలో దయకు మొదటి మెట్టు.

అప్పులతో కుంగిన రైతు ముందు చేపల కోసం ఏడవమనడం క్రూరం కాదా అని అడిగేవారికి నా జవాబు: మనిషి ముందు, నిస్సందేహంగా. కానీ ఇక్కడ మనిషికీ జీవరాశికీ పోటీ లేదు. పొలంలో పప్పుధాన్యాలు పోతే దెబ్బ తిన్నది రైతే. దిబ్బలు పోతే మన్నారు తీరపు జాలరి వల ఖాళీ అవుతుంది. కదిరికి దగ్గరి కటారుపల్లెలో సమాధి ఉన్న వేమన ఆచారాన్ని నడతతో తూచాడు, ఈ విషయంలోనూ అదే తూకం సరిపోతుంది. 1989లో గిన్నిస్‌కెక్కిన తిమ్మమ్మ మర్రిమాను దాదాపు ఐదెకరాల్లో నిలిచి ఉందంటే గొడ్డలికి భక్తి అడ్డుపడటం ఒక కారణం. ఆ మర్రి కాయ లోపల పరాగం మోసేది దానికే ప్రత్యేకమైన చిన్న కందిరీగ. ఇరుకు రంధ్రంలో దూరేటప్పుడు ఆడ కందిరీగ రెక్కలు తెగిపోతాయి, లోపలే గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. మనం దండం పెట్టేది చెట్టుకే అయినా ఆ కందిరీగ లేకుండా దానికి విత్తనం లేదు. అందుకే మొక్కును చెట్టు దగ్గరే ఆపకూడదు. ఆలయ మాన్యాలను సాధారణంగా వేలంలో ఎక్కువ పాట పాడినవారికి కౌలుకు ఇస్తున్నారు. నవధాన్యాలు కలిపి వేసే రైతుకు ఆ కౌలు తగ్గించమని దేవాదాయ శాఖను భక్తులే అడగాలి. ఈ సీమలో ప్రకృతి వ్యవసాయం చేస్తున్నవారు తొలకరికి ముందే నవధాన్యాలు చల్లుతున్నారు కాబట్టి విత్తనానికీ అనుభవానికీ కొరత లేదు.